తవిటోడి అమరత్వం

సెట్‌టాప్ బాక్సులు ఇంకా శ్రీకాకుళం వీధుల్లోకి అడుగుపెట్టని కాలం అది. మేడ మీద నుంచి మేడ మీదకు నల్లటి కేబుల్ వైరు వేలాడుతూ ఉండే ఆ రోజుల్లో టీవీలో కనిపించాలంటే అందమూ అక్కర్లేదు, నటనా అక్కర్లేదు, కేబుల్ ఆపరేటరుకు చుట్టమైతే చాలు. నేను చుట్టాన్ని. ఆ ఒక్క అర్హతతో కొన్ని నెలల పాటు నేను మా జిల్లాలో చావు లేని ఏకైక మనిషిగా బతికాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. (గొప్ప కోసం చెప్పుకున్న రోజులూ ఉన్నాయి, అవి అయిపోయాయి.) ఇప్పుడు ఇంట్లో పిల్లలు ఫోన్లలో చూసే సైన్సు ఫిక్షన్ సీరియల్స్‌లో గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయి మార్చేసిన మనుషులూ, వందల ఏళ్ళు బతికి బతికి విసుగెత్తిపోయిన మనుషులూ కనిపించినప్పుడల్లా వీళ్ళ బాధ నాకు కొంత తెలుసునే అనిపిస్తుంది. కాకపోతే పాపం వాళ్ళు ఆ బాధలన్నీ శత్రువులతో పడతారు. నేను మా అమ్మతో పడ్డాను.

ముందు కేబుల్ మావ సంగతి చెప్పాలి. వరసకు మా అమ్మకు తమ్ముడు. ఫ్యాన్సీ షాపు మేడ మీద ఒక గది, అందులో రెండు కంప్యూటర్లు, ఒక కెమెరా, పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళే ఒక పెద్ద లైటు, ఇదీ ఆయన ఛానెల్. పగలంతా పాత సినిమాలు, మధ్యమధ్య చీరల కొట్ల ప్రకటనలు, సాయంత్రం వార్తలు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో తెలుగు ఎమ్మే అయిపోయి ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో మూడు పూటలా తింటున్న నన్ను ఆయన చూసి, ఖాళీగా కూర్చునేదేదో తన ఆఫీసులోనే కూర్చోమన్నాడు. వార్తలు చదవడం, తెర అడుగున పాకే అక్షరాలు టైపు చెయ్యడం, పుట్టినరోజు పిల్లల ఫొటోలు తలకిందులుగా పడకుండా చూసుకోవడం నా పని. జీతం అనే మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఊళ్ళో ఎవరూ టీవీ చూడని వేళలో, మావ మాత్రం తెలుగులోకి డబ్బింగు చేసిన విదేశీ సైన్సు సీరియల్స్ పెట్టుకుని కూర్చునేవాడు. అవన్నీ చూసి చూసి ఒక సిద్ధాంతం తేల్చాడు. ఎన్ని దేశాల వాళ్ళు తీసినా కథలు రెండేనట. ఒకటి, ఒకడికి చావు రాదు. రెండోది, పైకి ఎత్తుకుపోయి దించినవాడు మళ్ళీ పాతవాడిలా ఉండడు. ఈ రెండూ ఒకే మనిషి మీద పెట్టి తీస్తే మనకు తిరుగే లేదన్నాడు. అలా పుట్టింది మా ఆదివారం సాయంత్రం సీరియల్, ‘చావులేనోడు’.

కథ చాలా తేలిక. వంశధార ఇసుకలో పుచ్చతోటకు కాపలా పడుకున్న కుర్రాణ్ణి ఒక వెలుగు వచ్చి ఎత్తుకుపోతుంది. తెల్లారేసరికి మళ్ళీ అదే ఇసుకలో ఉంటాడు, చెవి కింద మాత్రం ఒక నీలం దీపం వెలుగుతూ ఉంటుంది. ఇక వాడికి కత్తి దిగదు, జ్వరం రాదు, వయసు పెరగదు. ఆ వేషానికి మావ నన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. నేను రెప్ప వెయ్యకుండా చాలాసేపు చూడగలను, పైగా మనిషిని చూస్తేనే వీడిలో ఏదో తేడా ఉందని జనం నమ్ముతారట. పాత్రకు కూడా నా పేరే ఉంచేశాడు. కొత్త పేరు పెడితే పిలిచినప్పుడు నువ్వు పలకవు, షాటు పాడవుతుంది అన్నాడు. అందుకని తెర మీద కూడా నేను తవిటోణ్ణే అయ్యాను.

ఆ పేరు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళడానికి లేదు. మా వైపు తవిటయ్యలూ తవిటమ్మలూ వీధికొకరు ఉంటారు, అందరి వెనకా ఉన్నది ఒకటే కథ. పుట్టిన పిల్లలు దక్కని తల్లి, తర్వాతి బిడ్డను చేటలో పడుకోబెట్టి పొరుగింటి ఆవిడకు తవుడుకు అమ్మేస్తుంది. ఆవిడ తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కుని, ఇక నా బిడ్డను నువ్వు పెంచు అని తిరిగి ఆ తల్లి చేతికే ఇస్తుంది. బిడ్డ ఇప్పుడు ఆ ఇంటిది కాదు కాబట్టి ఆ ఇంటి మీద కన్నేసిన చావు వచ్చి చూసుకుని, ఇక్కడ మనకేమీ లేదని వెళ్ళిపోతుంది. నాకు ముందు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. నన్ను కొన్నది గోడ అవతలి నర్సమ్మ. మిషనాసుపత్రిలో నర్సు, తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళే మనిషి. ఆ ఇద్దరూ పోయింది కూడా ఆవిడ చేతుల్లోనే. ఇలాంటివి తను నమ్మకూడదని ఆవిడకు తెలుసు. కానీ మూడో కాన్పులో మా అమ్మ మంచం మీద నుంచి వంగి ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే, సరే తే అందట. గొడ్డూ గోదా లేని ఆవిడ ఇంట్లో తవుడెక్కడిది? రైసుమిల్లులో పనిచేసే మా నాన్నే ఒక చేటెడు తెచ్చి ఆవిడకిచ్చాడు, ఆవిడ అదే చేటను మా అమ్మకిచ్చి నన్ను కొంది. (ఈ బేరంలో ఒక లొసుగు ఉందన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత కేబుల్ మావ కనిపెట్టాడు.)

మిగతా చోట్ల ఈ కొనడం మాటవరసకే. పిల్లవాడు నడక నేర్చేసరికి కొన్నవాళ్ళూ మరిచిపోతారు, అమ్మినవాళ్ళూ మరిచిపోతారు. నర్సమ్మ అలా కాదు. కొన్నానంటే కొన్నాను అనే రకం. క్రిస్మస్‌కు నాకు బట్టలు ఆవిడే కుట్టించేది, టీకాలు వీధిలో అందరికంటే ముందు నాకే పొడిచేది, లెక్కల్లో తప్పినప్పుడు మా నాన్న కంటే ముందు గోడ దూకినంత పని చేసి వచ్చి చెవి మెలేసింది. కొన్న సరుకు ఇలా తయారైతే ఊరుకుంటారా అని మా అమ్మనే నిలదీసేది. నేను ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలుస్తాను. చర్చిలో అయ్యగారు ఒకసారి ఈ తవుడు వ్యవహారం ఏమిటమ్మా అని అడిగితే, కొన్న మాట నిజమేనండి, దేవుడి దగ్గర అబద్ధమెందుకు అని చెప్పి వచ్చిందట.

ఇక షూటింగు. గ్రహాంతరవాసుల దుస్తులు విజయనగరం నుంచి వచ్చాయి. అక్కడ పౌరాణిక నాటకాలకు దుస్తులు అద్దెకిచ్చే ఒక దుకాణంలో మావకు తెలిసినవాడున్నాడు. అప్పుడు ఊరూరా నాటకాల సీజను, ఖాళీగా ఉన్నవి యమభటుల దుస్తులు మాత్రమే. నల్ల చొక్కాలు, కొమ్ముల టోపీలు. కొమ్ములకు వెండి కాగితం చుట్టి, ఛాతీ మీద పాత సీడీలు అంటించేసరికి మావకు అవి వేరే గ్రహం వాళ్ళలా కనిపించాయి, మాకు వెండి కాగితం చుట్టిన యమభటుల్లా కనిపించాయి. టెంటుహౌసు వాళ్ళ పెద్ద డేగిసాను బోర్లించి కింద లైటు పెడితే అంతరిక్ష నౌక. శ్రీముఖలింగం దగ్గర వంశధార ఇసుకలో వేసవి పొద్దున్నే తీసేవాళ్ళం. గుడికి వచ్చినవాళ్ళు దర్శనం అయ్యాక ఇటు వచ్చి మమ్మల్ని కూడా చూసి వెళ్ళేవారు.

అసలు తెలివంతా మావ భాష దగ్గర చూపించాడు. టీవీల్లో మన మాట మాట్లాడేవాడు ఎప్పుడూ జనాన్ని నవ్వించడానికే వస్తాడని ఆయనకు ఎప్పటి నుంచో కడుపుమంట. అందుకని మా సీరియల్లో మనుషులందరూ మన మాటే మాట్లాడాలని, పై గ్రహం వాళ్ళు మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడాలని తీర్మానించాడు. ఎమ్మే చేసినవాణ్ణి కాబట్టి ఆ డైలాగులు నేనే రాశాను. ‘ఓ మానవా, నేటి నుండి నీకు మరణము లేదు’ అని కొమ్ముల టోపీ పెట్టుకున్న మా కెమెరామన్ బావ అంటుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచేది. ఎత్తుకుపోయి దించాక హీరో కూడా ఆ భాషలోకి దిగిపోతాడు. తిన్నావేట్రా అని తల్లి అడిగితే, ‘భుజించితిని మాతా’ అంటాడు. మనిషి మారిపోయాడని జనానికి చెప్పడానికి ఇంకే గ్రాఫిక్సూ అవసరం పడలేదు. విశాఖపట్నంలో నాలుగు నెలలు కోచింగుకు వెళ్ళి వచ్చి ‘ఏమిటండీ, అలాగా’ అంటున్న మా వీధి కుర్రాణ్ణి చూసి, ఈణ్ణి కూడా ఎత్తుకుపోయి దించినట్టున్నారు అని టీకొట్టు దగ్గర అనుకునేవారు. (ఈ జ్ఞాపకాన్ని ఇప్పుడు నేను ఏ భాషలో రాస్తున్నానో చూసుకుంటే నా మీద కూడా అనుమానమొస్తోంది.)

చెవి కింది నీలం దీపం పెళ్ళి పందిళ్ళకు కట్టే సీరియల్ లైట్లలోంచి తెంపినది. వైరు మెడ వెనక నుంచి చొక్కాలోకి, బ్యాటరీ జేబులో. ఒకసారి విలను నా పొట్టలో కత్తి దింపుతుంటే నేను చిరునవ్వు నవ్వాలి. సరిగ్గా ఆ నవ్వు దగ్గర బల్బు వేడెక్కి చురుక్కుమంది, అమరుణ్ణి కాస్తా కెవ్వుమని ఇసుకలో గెంతాను. అక్కడ ముంజెలు అమ్ముకుంటున్న ముసలావిడ, ఈడికి సావు నేదు గానీ నొప్పి ఉన్నట్టున్నాది పాపం అని రెండు ముంజెలు చేతిలో పెట్టింది. మావ ఆ షాటు తీసెయ్యలేదు, అలాగే ఉంచేశాడు. అన్ని ఎపిసోడ్లలోకీ అదే బాగుందని ఊళ్ళో పేరొచ్చింది.

పేరంటే మామూలు పేరు కాదు. బజారుకు వెళ్తే పిల్లలు వెనక నుంచి చిన్న చిన్న రాళ్ళు వేసి తగిలిందా అని అడిగేవారు. తగిలిందంటే నమ్మేవారు కాదు. పాలసీ కట్టమని ఏడాదిగా నా వెంట తిరుగుతున్న బీమా ఏజెంటు బాబాయి, నీకిక దేనికిలే అని నవ్వి వేరే ఇంటికి వెళ్ళిపోయాడు. వీటన్నిటికీ నేను లోపల్లోపల పొంగిపోతూ, పైకి మాత్రం ‘అదంతా ఏముందండీ’ అనేవాణ్ణి. అద్దంలో చెవి కింద చూసుకునే అలవాటు కూడా వచ్చింది. వెధవ్వేషాలు కావూ?

అందరికంటే ఎక్కువ సంతోషించింది మాత్రం మా అమ్మ. ఆవిడ ఆ సీరియల్ని కథలా చూడలేదు, ఆసుపత్రి రిపోర్టు చూసినట్టు చూసింది. ఆదివారం సాయంత్రం పనులన్నీ ముగించుకుని, గోడ అవతలి పెద్దమ్మను కూడా పిలిచి, టీవీ ముందు కూర్చునేది. నా మీదకు లారీ వచ్చింది, ఏమీ కాలేదు. పాము కరిచింది, పామే పోయింది. బావిలో తోశారు, మెట్లెక్కి వచ్చేశాను. ఒక్కొక్కటి తప్పిపోతున్నకొద్దీ ఆవిడ అక్కడ కూర్చుని నెమ్మదిగా తలాడించేది. మీకు చెప్పలేదు కదూ, నాకు గడ్డాలూ మీసాలూ వచ్చాక కూడా నేను నిద్రపోతుంటే వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషి ఆవిడ. నాకు మెలకువ వచ్చినా కళ్ళు మూసుకునే ఉండేవాణ్ణి, విసుక్కుంటే బాధపడుతుందని. ఆ సీరియల్ నడిచిన నెలల్లో ఆ వేలు రావడం మానేసింది. నాకది వెంటనే తెలియలేదు, చాలా రోజులకు తెలిసింది. 

ఇంత బాగా నడుస్తున్నప్పుడు సెట్‌టాప్ బాక్సులు వస్తున్నాయన్న కబురొచ్చింది. అవి వస్తే లోకల్ ఛానెళ్ళ పని అయిపోతుందని అందరూ అనేవారు. మావ దిగాలు పడి, పోతే పోయింది, ఊరంతా చెప్పుకునేలా ముగించి పోదాం అన్నాడు. ఆయన చూసిన సీరియల్స్ అన్నిటిలోనూ చావు లేనివాడు చివరకు చావే కోరుకుంటాడట. అందుకని మా హీరో కూడా బతికి బతికి విసిగిపోయి, గ్రహాంతరవాసుల్ని పిలిచి, మీరిచ్చింది మీరు తీసుకోండి అంటాడు. వాళ్ళు వచ్చి చెవి కింది దీపం ఆర్పేస్తారు. హీరో ఇసుకలో ఒరిగిపోయి ప్రాణం వదులుతాడు. వినగానే నాకు మహా ఉత్సాహం వచ్చింది. చచ్చే సీనంటే నటుడికి పండగ కదా. (నేనప్పటికి నటుణ్ణే అనుకుంటున్నాను.) తెర అడుగున పాకే అక్షరాలు నేనే, నా చేతులతోనే టైపు చేశాను: ‘వచ్చే ఆదివారం తవిటోడు చనిపోతాడు. తప్పక చూడండి.’ అది ఆ మధ్యాహ్నం నుంచి ప్రతి సినిమా అడుగునా పాకడం మొదలుపెట్టింది. దానితో పాటు కొమ్ముల టోపీల వాళ్ళు ఇద్దరు నన్ను చెరో రెక్కా పట్టుకుని తీసుకుపోతున్న చిన్న ముక్క కూడా పడేది.

నేను ఇంటికి వెళ్ళేసరికి టీవీ నడుస్తోంది, దాని ముందు అమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో చిక్కుడుకాయలు సగం ఒలిచి వదిలేసినవి అలాగే ఉన్నాయి. ఆదివారం చచ్చిపోయేది నువ్వేనా అని అడిగింది. అవునమ్మా, భలే సీను అన్నాను, ఏడిసినట్టే ఉంది నా తెలివి.  ఆవిడ ఆ పూట నుంచి అన్నం మానేసింది. మర్నాడూ అంతే. నాన్న బతిమాలితే రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని లేచిపోయింది. పేరు నాది, ముఖం నాది, తీసుకుపోయేవాళ్ళు చూస్తే యమభటులు. ఇరవై ఏళ్ళ పైనుంచి ఆవిడ ఏది జరగకూడదని తవుడు అడ్డం పెట్టి కాపలా కాస్తోందో, సరిగ్గా అదే వచ్చే ఆదివారం జరుగుతుందని మేము ఊరంతా చాటింపు వేశాం. నేను పక్కన కూర్చుని, ఇది నాటకమే కదమ్మా, నిజం కాదు కదా అని నా ఎమ్మే చదువంతా ఉపయోగించి చెప్పాను.

“సావు నేదని ఆ టీవీలోనే సెప్తే నమ్మినాను గదరా,” అంది అమ్మ. “ఇప్పుడు ఉందని ఆ టీవీలోనే సెప్తన్నారు. ఇది మట్టుకు నమ్మొద్దంటే ఎలాగ?”

 

ఆ సాయంత్రమే అమ్మ గోడ దగ్గరకు వెళ్ళి పెద్దమ్మతో చెప్పుకున్నట్టుంది. మర్నాడు పొద్దున్న పెద్దమ్మ నైటు డ్యూటీ దిగి, ఇంటికి వెళ్ళకుండా, తెల్లచీరతోనే, చేతిలో గొడుగుతో, ఫ్యాన్సీ షాపు మేడ మెట్లెక్కి నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. మావ లేచి కుర్చీ వేసి, టీ తెప్పించి, ఏటక్కా ఇలాగొచ్చేవు అన్నాడు. ఆవిడ టీ వైపు చూడలేదు. నా వైపు గొడుగు చూపించి, ఈడు ఎవులోడు అని అడిగింది. మావకు అర్థం కాలేదు. మా అక్క కొడుకు అన్నాడు.

“కాదు. ఈడు నావోడు. నాను కొన్నాను. పెంచమని మీ అక్క సేతికిచ్చినాను గానీ, సంపమని నీ సేతికి ఇవ్వనేదు.”

మావ తక్కువ తిన్నాడా? కాసేపు గడ్డం గోక్కుని, అక్కా, ఆ తవుడు మిల్లు నుంచి తెచ్చినది మా బావ, అంటే వీళ్ళ తవుడు వీళ్ళకే ఇచ్చి నువ్వు కొన్నావు, ఆ బేరం చెల్లదు అన్నాడు. నేను మధ్యలో కూర్చుని, నేను ఎవరి సొత్తో తేలే విచారణ వింటున్నాను. తెచ్చిందెవరైతే ఏమిటి, ఇచ్చిన చెయ్యి నాది అని పెద్దమ్మ ఒక్క ముక్కలో కొట్టి పారేసింది. ఇది సైన్సు కథక్కా, ఇందులో అలాంటివి పట్టించుకోకూడదు అని మావ ఇంకో దారి పట్టాడు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ రోజూ సైన్సుతోనే బతుకుతున్నాను, నువ్వు నాకు చెప్పకు అంది. అప్పుడు మాత్రం కుర్చీలో కూర్చుని గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. గొంతు కూడా తగ్గింది.

“తవుడు మీద నాకప్పుడూ నమ్మకం నేదు, ఇప్పుడూ నేదు. ఆ ఇద్దరు గుంటలూ పోనాక మీ అక్క మూడోవోణ్ణి ముట్టుకోడానికే భయపడిపోనాది, పాలివ్వడానిక్కూడా. నాను తవుడిచ్చినాకే దానికి ధైర్యం వొచ్చింది. ఆ ధైర్యంతోటే ఈణ్ణి పెంచింది. ఇప్పుడు నువ్వొచ్చి ఆ ధైర్యాన్ని తీసీకు.”

 కంప్యూటరు తెర అడుగున తవిటోడు చనిపోతాడు, తవిటోడు చనిపోతాడు అని పాకుతూనే ఉంది. నేను లేచి దాన్ని ఆపేశాను. నాకు పాలివ్వడానికి మా అమ్మ భయపడిందన్న సంగతి నేను వినడం అదే మొదటిసారి.

మావ మంచివాడే, కాకపోతే మాట ఇచ్చేశాడు. ఊరంతా ఎదురుచూస్తోంది, ఏదో ఒకటి జరగకపోతే పరువు పోతుంది. అందుకని రాజీ మార్గాలు వెతకడం మొదలుపెట్టాడు. పోనీ చచ్చిపోయి మూడో రోజు లేచి వచ్చేలా పెడదామా అన్నాడు. అది ఒక్కరికే చెల్లింది, నీ తవిటోడికి కాదు అని పెద్దమ్మ కళ్ళెర్రజేసింది. చావకుండా వాళ్ళతో పాటు పై గ్రహానికి వెళ్ళిపోతే అన్నాడు. అమ్మకు రెండూ ఒకటేనని ఈసారి నేనే చెప్పాను. చాలాసేపు అలా నడిచాక, చల్లారిపోయిన టీ తాగుతూ పెద్దమ్మే అడిగింది, ఆ దీపం ఆరిపోతే వెంటనే చచ్చిపోవాలని ఏముంది, అందరిలాగే ముసలివాడు కాకూడదా అని. వయసు పెరగడం మొదలైతే చాలు కదా, ఆ తర్వాత సంగతి ఎవరడిగారు అంది. మావ కెమెరామన్ బావను పిలిచి విజయనగరం ఫోను చేసి ముసలి వేషం వేసే మేకప్పు మనిషిని రమ్మని చెప్పమన్నాడు.

ఆ ఆఖరి షూటింగుకు అమ్మను కూడా తీసుకురావాలని పెద్దమ్మ పట్టుబట్టింది. చావు లేదని మళ్ళీ టీవీ చెబితే నమ్మదు, కళ్ళతో చూడాలి అంది. ఎప్పుడూ షూటింగు వైపు రాని అమ్మ, ఆటోలో, కొమ్ముల టోపీల సంచీకి వీలైనంత దూరంగా జరిగి కూర్చుని శ్రీముఖలింగం వచ్చింది. ఇద్దరినీ ఇసుకలో ఒక గొడుగు కింద కూర్చోబెట్టాం. విజయనగరం నుంచి వచ్చిన మేకప్పు ఆయన భీష్ముళ్ళకూ ధృతరాష్ట్రుళ్ళకూ వేషం వేసి వేసి ఉన్నవాడు. నా ముఖానికి జిగురు రాసి, అది ఆరేలోపల చర్మం నొక్కి ముడతలు తెప్పించాడు, తలకూ కనుబొమ్మలకూ తెల్లరంగు పూశాడు, ముందు పళ్ళు రెండు నల్లగా చేశాడు, పంచె కట్టి చేతికి ఒక కర్ర ఇచ్చాడు. అడ్డు కట్టిన దుప్పటి వెనక నుంచి నేను నడుం వంచి బయటకు వచ్చాను. మా వాళ్ళందరూ పగలబడి నవ్వారు.

అమ్మ నవ్వలేదు. గొడుగు కింద నుంచి లేచి, ఇసుకలో మెల్లగా నడిచి నా దగ్గరకు వచ్చింది. మావ కెమెరా ఆపమని చెయ్యి ఊపాడు. ఆవిడ నా ముఖం వైపు చాలాసేపు చూసింది. ముడతల మీద వేలు పెట్టి రాసింది. నుదుటి మీద పడ్డ తెల్లజుట్టు పక్కకు తోసింది. భుజం మీద తువ్వాలు సరిచేసి, ఏదీ, నాలుగడుగులు వెయ్యి అంది. నేను కర్ర పట్టుకుని నడిచాను. కూచో అంది, కూర్చున్నాను. మోకాళ్ళు నొప్పెడుతున్నాయా అని అడిగింది. కొంచెం అన్నాను. ముసలాళ్ళకి ఉంటాదిలే అని తనే సర్దిచెప్పింది. అప్పుడు నా పక్కనే ఇసుకలో కూలబడి, నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

“ఇన్నేళ్ళూ వొచ్చే ఏడాది దాటి నిన్నెప్పుడూ అనుకోనేదురా, భయమేసి,” అంది. “ఇప్పుడు నీ ముసిలితనం సూసీసేను. ఇంక సాలు.”

జిగురు ముఖం మీద కన్నీళ్ళు ఎలా కారతాయో నాకు తెలియదు, కానీ మేకప్పు ఆయన పరుగెత్తుకు వచ్చి, పాడయిపోతాది బాబూ, ఏడవకు అన్నాడు. పెద్దమ్మ కూడా వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, తవుడుకి కొన్నా సరుకు బాగానే మన్నింది అంది. అని, కళ్ళజోడు తీసి తెల్లచీర కొంగుతో తుడుచుకోవడానికి అటు తిరిగింది.

ఆ ఆదివారం ఎపిసోడ్ పడ్డాక ఆఫీసు ఫోను ఆగలేదు. చచ్చిపోతాడన్నారు, చావలేదేమిటని జనం తిట్టారు. ఇంకా టైముందండీ అని మావ అందరికీ ఓపిగ్గా చెప్పాడు. సీరియల్ అలా ముసలివాడు ఇసుకలో నడుస్తూ ఉండగా అయిపోయింది. మా ఇంట్లో ఆ రాత్రి అమ్మ రెండుసార్లు పెరుగన్నం కలుపుకుంది. నేను ఆ తర్వాత ఎక్కడా నటించలేదు, ఎవరూ అడగలేదు కూడా. పిల్లలకు తెలుగు చెప్పే ఉద్యోగం దొరికింది, పెళ్ళయింది, బీమా ఏజెంటు బాబాయి మళ్ళీ రావడం మొదలుపెట్టాడు.

ఈమధ్య నా చెవుల పక్కన నాలుగైదు వెంట్రుకలు నెరిశాయి. మా ఆవిడ రంగు ప్యాకెట్టు తెచ్చి పెట్టింది, నేనూ ఒక పొద్దున్న దాన్ని గిన్నెలో కలుపుకుని అద్దం ముందు కూర్చున్నాను. అమ్మ అటుగా వెళ్తూ ఆగి, దగ్గరకు వచ్చి, ఆ తెల్లవెంట్రుకలు వేలితో విడదీసి చూసింది. ఇంత చిన్నదానికి ఆ ముఖంలో అంత సంతోషం దేనికో నాకు ఒక్క క్షణం తట్టలేదు. ఆవిడ నా చేతిలో గిన్నె తీసేసుకుని పెరటి గోడ దగ్గరకు వెళ్ళింది. గోడ అవతల, రిటైరయ్యి మోకాళ్ళ నొప్పులతో ఎండలో కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దమ్మతో, ఆ ముసిలాయనొస్తన్నాడే, బయల్దేరినాడు అని చెప్పడం నాకు వినిపించింది. నేను అద్దంలో చూసుకుంటూ, కర్ర పట్టుకుని ఇసుకలో నడుం వంచి నడిచిన ఆ ఇరవైమూడేళ్ళ ముసలాయన్ని తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.